చిన్న చక్రాల ట్రయల్స్ సైకిళ్లకి రిమ్ములు, టైర్లు: అందరూ అడిగే ప్రశ్నలు

ట్రయల్స్ అంటే రాళ్లు, దుంగల లాంటి అడ్డంకుల మీద కాలు కింద పెట్టకుండా దూకుతూ, నిలబడుతూ సైకిల్ తొక్కడం. ఇది 20 అంగుళాల ట్రయల్స్ సైకిల్ తొక్కేవాళ్ల కోసం, మాడ్ అంటారు చూడండి, ఆ సైజు. చివర్లో 24 గురించి, పిల్లల సైజుల గురించి కూడా కొంచెం ఉంది. 26 తొక్కేవాళ్లకి ఇందులో కొన్ని మాటలు పనికొస్తాయి గానీ కొలతలు మాత్రం పనికిరావు. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సింది చూసుకోండి, కానీ మొదటి రెండు ప్రశ్నలు చదవకుండా మాత్రం దేనికీ ఆర్డర్ పెట్టకండి.

నాది 20 అంగుళాల బైకే కదా, మరి వెనక టైరు మీద 19 అని ఎందుకుంది? తప్పు టైరు వేశారా?

తప్పేం కాదు, మాడ్ బైకులన్నీ అంతే. ముందు చక్రం 20, వెనక చక్రం 19. కొంచెం లెక్క చూస్తే ఇదెందుకో మీకే తెలిసిపోతుంది. టైరు కూర్చునే చోట రిమ్ము అడ్డకొలత ముందు 406 మిల్లీమీటర్లు, వెనక 387. ముందు 2.0 అంగుళాల టైరు వేస్తాం, అంటే సుమారు 51 మిల్లీమీటర్ల ఎత్తు, అది పైన ఒకసారి కింద ఒకసారి కలిపితే 406కి 102 తోడై 508 అవుతుంది. వెనక 2.5 టైరు, సుమారు 63, అది రెండుసార్లు కలిపితే 387 కాస్తా 513. చూశారా, గాలి కొట్టాక రెండు చక్రాలూ దాదాపు ఒకటే ఎత్తు, రెండూ 20 అంగుళాల దగ్గరే. వెనక రిమ్ము చిన్నది చేసింది లావు టైరుకి చోటు ఇవ్వడానికే. ట్రయల్స్‌లో దూకేది, దిగేది, నిలబడేది అంతా వెనక చక్రం మీదే కాబట్టి గాలి ఎక్కువ పట్టే లావు టైరు అక్కడే కావాలి, అలాగని చక్రం మొత్తం పెద్దదైపోతే బైకు కొలతలు మారిపోతాయి, చైన్‌స్టే, అంటే పెడల్స్ దగ్గర్నుంచి వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేము గొట్టం, పొడవు పెంచాలి, వెనక చక్రం మీద లేచి నిలబడటం కష్టమవుతుంది.

అయితే బీఎంఎక్స్ టైరు వేసుకోవచ్చా? అవి ఎక్కడైనా దొరుకుతాయి కదా.

ముందు చక్రానికైతే ఎక్కుతుంది, ఎందుకంటే మామూలు బీఎంఎక్స్, అంటే స్టంట్లకీ రేసులకీ వాడే చిన్న సైకిల్, అది కూడా 406యే. వెనకకి అస్సలు ఎక్కదు. ఎక్కదు అంటే బిగుతుగా ఉంటుందని కాదు, 19 మిల్లీమీటర్లు వదులుగా ఉండి గాలి కొట్టగానే పక్కకి ఊడిపోతుంది, ట్యూబు బయటికొచ్చి పేలుతుంది. ఇంకో చిక్కు ఏంటంటే 20 అంగుళాలు అని రాసి ఉండేవాటిలోనే 451 అనే ఇంకో సైజు ఉంది, సన్న టైర్లతో వచ్చే కొన్ని రేసింగ్ బీఎంఎక్స్‌లకీ కొన్ని ఫోల్డింగ్ సైకిళ్లకీ అది వస్తుంది, అది మీ ముందు రిమ్ముకి కూడా పట్టదు. దీనికి తోడు కొన్ని ట్రయల్స్ టైర్ల మీద పెద్ద అక్షరాలతో 20x2.5 అనే ఉంటుంది కానీ నిజానికి అది 387 రిమ్ము కోసం చేసిన వెనక టైరు. అందుకే అంగుళాలు చూసి కొనొద్దు. టైరు పక్కన చిన్నగా అచ్చేసి ఉండే జంట అంకె చూడండి, 51-406 లేదా 63-387 లాంటిది. గీతకి ముందున్నది వెడల్పు, గీత తర్వాతది రిమ్ము సైజు. గీత తర్వాతది కలిస్తేనే టైరు ఎక్కుతుంది, ఇంక దేన్నీ నమ్మక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఆ అంకె రాయకపోతే అమ్మేవాళ్లని అడగండి, చెప్పలేకపోతే వేరే చోట కొనుక్కోండి.

ఎక్కినంత మాత్రాన బీఎంఎక్స్ టైరు ముందు చక్రానికి బాగుంటుందా అంటే, నేర్చుకునే రోజుల్లో నడుస్తుంది అంతే. పార్కుల్లో నున్నటి నేల కోసం ఎక్కువ గాలితో వాడటానికి చేసిన టైరు అది, రబ్బరు గట్టిగా ఉంటుంది, తడి రాయి అంచు మీద ముందు చక్రం ఆనించినప్పుడు జారిపోతుంది.

వెనక రిమ్ము ఎంత వెడల్పు ఉండాలి?

ఇప్పుడు మాడ్ బైకుల్లో వెనక రిమ్ములు ఎక్కువగా 40 నుంచి 47 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి, ఇది బయటి వెడల్పు. మామూలు సైకిల్ రిమ్ము పక్కన పెట్టి చూస్తే ఇది రోడ్ రోలర్‌లా కనిపిస్తుంది. అంత వెడల్పు ఊరికే పెట్టలేదు. గాలి తక్కువగా పెట్టుకుని పక్కకి దూకి ఒక అంచు మీద దిగామనుకోండి, బరువంతా ఒక పక్కకి తోస్తుంది, ఇరుకు రిమ్ము మీద టైరు ఆ పక్కకి మడత పడిపోతుంది, మనం సరిగ్గానే దిగినా కాలి కింద నేల కదిలినట్టు అనిపిస్తుంది. వెడల్పు రిమ్ము టైరు రెండు పక్క గోడల్నీ దూరంగా, నిటారుగా పట్టుకుంటుంది కాబట్టి అదే గాలితో మడత తక్కువ. ఇంకో రకంగా చెప్పాలంటే రిమ్ము వెడల్పు పెరిగితే రెండు మూడు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి తగ్గించుకునే వెసులుబాటు వస్తుంది.

మరి ఇంకా వెడల్పు పెడితే? అక్కడే ఆగాలి. 63 మిల్లీమీటర్ల టైరు 47 రిమ్ము మీద వేస్తే ఒక్కో పక్క 8 మిల్లీమీటర్లే టైరు బయటికి ఉంటుంది. రాయి అంచు మీద కొంచెం పక్కకి దిగితే టైరు కన్నా ముందు రిమ్ము అంచే తగిలే ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. టైరు నడుము కూడా చదునైపోయి, పక్కనున్న నాబ్స్, అంటే టైరు మీది రబ్బరు దిమ్మలు, పైకి లేచి, వంచినప్పుడు టైరు ఒక్కసారిగా పట్టు వదిలేస్తుంది. నా లెక్క ప్రకారం బరువు తక్కువగా ఉండి ఇంకా నేర్చుకుంటున్నవాళ్లకి 40 చుట్టుపక్కల చాలు, పెద్ద గ్యాపులు, పక్క దూకుళ్లు చేసేవాళ్లకి 47. ఈ రెండిటి మధ్య తేడా కోసం మంచిగా ఉన్న చక్రాన్ని విప్పి కొత్తది అల్లించుకోవడం మాత్రం దండగ.

ముందు రిమ్ము మాత్రం ఇరుకుగా ఎందుకు?

ముందు చక్రం మీద అంత బరువు పడదు, అది ఎక్కువగా ఆనించడానికి, తిప్పడానికి. ఊపి పైకి లేపేది దాన్నే కాబట్టి అక్కడ తేలికగా ఉంటేనే చేతులకి సుఖం. 28 నుంచి 38 మధ్య ఏదైనా 2.0 టైరుకి సరిపోతుంది. 30 పైన ఉంటే ముందు చక్రం మీద గెంతేటప్పుడు టైరు వంకర పోకుండా కొంచెం హాయిగా ఉంటుంది.

రిమ్ముకి అన్ని బెజ్జాలు ఎందుకు? బలం తగ్గిపోదా?

బరువు తగ్గించడానికి. ట్రయల్స్ రిమ్ములు ఎక్కువగా సింగిల్ వాల్, అంటే ఒకే పొర రేకు, వెడల్పు చాలా ఉంటుంది, స్పోకుల మధ్య ఉన్న రేకు మీద పెద్ద లోడు పడదు, దాన్ని గుండ్రంగా చెక్కేసి తీసేస్తారు. బలం కొంచెం తగ్గుతుంది, అబద్ధం చెప్పక్కర్లేదు, కానీ చిన్న చక్రం ఇక్కడ మనకి కలిసొస్తుంది. స్పోకులు పొట్టిగా ఉండి, చక్రం మధ్యలో ఉండే హబ్ నుంచి రిమ్ముకి ఎక్కువ వాలుగా వెళ్తాయి కాబట్టి 20 చక్రం 26 కంటే పక్కలకి చాలా గట్టిగా ఉంటుంది. అందుకే అంత చెక్కినా నిలబడుతుంది.

బెజ్జాలున్న రిమ్ముకి లోపలి రిమ్ టేప్ ముఖ్యం. రంగురంగుల బట్టలా బెజ్జాల్లోంచి కనిపించేది అదే, అందం కోసమని కొందరు అనుకుంటారు. అది సాగిందంటే ట్యూబు బెజ్జాల్లోంచి బుడగలా ఉబ్బి, బెజ్జం అంచుకి రాసుకుని పంచర్ అవుతుంది. పంచర్ ట్యూబు లోపలి వైపు, అంటే హబ్ వైపు వస్తుంటే టైరులో ముల్లు కోసం వెతకడం ఆపి టేపు చూడండి. టేపు వెడల్పు బెజ్జం దాటి రెండు వైపులా కొంచెం ఎక్కువే ఉండాలి, కానీ టైరు బీడ్, అంటే రిమ్ములో ఇరుక్కునే టైరు అంచు, కూర్చునే చోటు దాకా రాకూడదు.

డబుల్ వాల్, అంటే రెండు పొరల రిమ్ము గురించి కూడా అడుగుతుంటారు. గట్టిగానే ఉంటుంది, బరువు ఎక్కువ, లోపల గూడు ఎత్తు వల్ల టైరుకి దొరికే లోతు తగ్గుతుంది. వీధుల్లో మెట్ల మీంచి దూకేవాళ్లకి మంచిది, పోటీ తరహా ట్రయల్స్‌కి అవసరం లేదు.

నాది హైడ్రాలిక్ రిమ్ బ్రేకు. రిమ్ము కొనేటప్పుడు ఏం చూడాలి?

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే, కానీ అందరూ చివర్లో అడిగేది కూడా ఇదే. మాగురా హెచ్ఎస్33 లాంటి బ్రేకులో ప్యాడ్లు నేరుగా రిమ్ము పక్క గోడని పట్టుకుంటాయి, అంటే మీ రిమ్మే మీ బ్రేకు. వెనక చక్రం మీద నిలబడ్డప్పుడు ఒక్క మిల్లీమీటర్ జారినా పని అయిపోయినట్టే కదా, కాబట్టి ఆ పక్క గోడ ఎలా ఉందో చూడాలి. ఎత్తుగా, తిన్నగా ఉండాలి, ప్యాడు మొత్తం దాని మీద కూర్చోవాలి, టైరుకి రాసుకోకూడదు, కిందికి జారిపోకూడదు. పక్క గోడ ఏటవాలుగా లేదా గుండ్రంగా ఉన్న రిమ్ములు డిస్క్ కోసం చేసినవి, అవి చూడ్డానికి ఎంత బాగున్నా వదిలేయండి.

రిమ్ము వెడల్పు మారితే ప్యాడ్ల దూరం కూడా మారుతుంది. 47 తీసి 40 పెడితే ఒక్కో పక్క మూడున్నర మిల్లీమీటర్లు ప్యాడు లోపలికి రావాలి, సిలిండర్లని క్లాంపులో జరిపితే సరిపోతుందేమో కొనకముందే కొలుచుకోండి.

ఇక గ్రైండింగ్. కొత్త రిమ్ము నున్నగా ఉంటుంది, నున్నటి రిమ్ము మీద ప్యాడు పట్టాలంటే కొందరు తారు పూస్తారు, అది పట్టుకుంటుంది కానీ జిగటగా ఉంటుంది, వాన పడితే, దుమ్ము పడితే గోల. ఎక్కువ మంది చేసేది యాంగిల్ గ్రైండర్‌తో పక్క గోడ మీద సన్నటి గరుకు గీతలు వేయడం. టైరు, ట్యూబు తీసేసి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, గ్రైండర్‌ని అలా తాకీ తాకనట్టు ఏటవాలుగా పెట్టి, మొత్తం చుట్టూ ఒకే రకంగా రావాలి. నొక్కిపెడితే గుంట పడుతుంది, అక్కడికి వచ్చినప్పుడల్లా బ్రేకు ఎగిరిపడుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకండి, అల్యూమినియం పొడి కంట్లో పడితే ఆటలు కాదు. గీతలు అరిగి మళ్లీ నున్నగా అయ్యాక మళ్లీ గ్రైండ్ చేయాలి, ప్రతిసారీ కొంచెం లోహం పోతుంది, కాబట్టి పక్క గోడ పల్చగా ఉన్న తేలిక రిమ్ము తీసుకుంటే దాని ఆయుష్షు కూడా తక్కువేనని ముందే అనుకోండి. ఎన్నోసార్లు గ్రైండ్ చేసిన రిమ్ము పక్క గోడ వేలితో తడిమితే లోపలికి వంపు తిరిగినట్టు తెలుస్తుంది, అప్పుడు మార్చేయండి, గాలి ఒత్తిడికి అంచు చీలిపోయేదాకా ఆగొద్దు.

గ్రైండ్ చేసిన రిమ్ముకి దానికి తగ్గ గట్టి ప్యాడ్లు కావాలి. మామూలు మెత్తటి ప్యాడ్లు వేస్తే కొద్ది రోజుల్లోనే పొడి అయిపోతాయి, ఆ పొడి గీతల్లో నిండి పట్టు పోతుంది.

రంగు వేసిన రిమ్ములు కొంటున్నారా? బ్రేకు తగిలే చోట ఆ రంగు ఎలాగూ పోతుంది, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

డిస్క్ బ్రేకు ఉంటే ఈ గొడవ ఏమీ లేదా?

రిమ్ముతో గొడవ లేదు, హబ్‌తో ఉంటుంది. ఫ్రేముకి, ఫోర్కుకి డిస్క్ మౌంట్ ఉండాలి, హబ్‌కి డిస్క్ బిగించే చోటు ఉండాలి. మాడ్ వెనక హబ్ వెడల్పు ఎక్కువగా 116 మిల్లీమీటర్లు, కొన్ని పాతవి 110, మామూలు మౌంటెన్ బైక్ హబ్ 135, ఒకదానిలో ఒకటి పట్టదు. ముందు మాత్రం మామూలు 100యే.

చిన్న చక్రంలో డిస్క్ బలం గురించి అనుమానం అక్కర్లేదు. చక్రం చిన్నదయ్యేకొద్దీ అదే డిస్క్ ఇంకా గట్టిగా పడుతుంది, 20 చక్రంలో 160 డిస్క్ ఇచ్చే పట్టు 26లో రావాలంటే లెక్క ప్రకారం 210 డిస్క్ కావాలి. ముందు డిస్క్, వెనక రిమ్ బ్రేకు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకూ అదే నచ్చుతుంది. ఒక జాగ్రత్త, డిస్క్ చక్రానికి ముందైనా సరే రేడియల్ అల్లిక, అంటే స్పోకులు ఒకదాన్ని ఒకటి దాటకుండా నేరుగా వెళ్లేది, వద్దు. బ్రేకు లాగుడు హబ్ నుంచి స్పోకుల ద్వారా రిమ్ముకి వెళ్లాలంటే అవి ఒకదాన్ని ఒకటి దాటుతూ ఉండాలి.

టైరు ఎంచుకునేటప్పుడు నాబ్స్ డిజైన్ చూడాలా, రబ్బరు చూడాలా?

రబ్బరే. తర్వాత పక్క గోడ. నాబ్స్ మూడోది. కానీ ఫొటోలో కనిపించేది నాబ్స్ ఒక్కటే కాబట్టి అందరూ దాన్నే చూసి కొంటారు.

రబ్బరు మెత్తదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెప్తారు, అంకె తగ్గేకొద్దీ మెత్తన. మామూలు సైకిల్ టైరు 60 చుట్టూ లేదా ఇంకా పైన ఉంటుంది, మాక్సిస్ వాళ్ల సూపర్ ట్యాకీ రకం 42. మెత్తటి రబ్బరు రాయి గరుకులోకి దిగి పట్టుకుంటుంది, పైగా దూకి దిగినప్పుడు బంతిలా ఎగరదు, ఈ రెండోది ఎవరూ పెద్దగా చెప్పరు గానీ కచ్చితంగా ఒక చోట దిగి ఆగిపోవాలంటే అదే ఎక్కువ ముఖ్యం. నష్టం తెలిసిందే, తొందరగా అరుగుతుంది, సిమెంటు మీద రోజూ ప్రాక్టీసు చేసేవాళ్ల టైరు అంచులు చూస్తుండగానే గుండ్రంగా అయిపోతాయి. అందుకే రోజువారీ తొక్కుడంతా సిమెంటు మీదే అయితే వెనక మధ్యస్థంగా, ముందు మెత్తగా పెట్టుకోవడం నాకు సబబుగా అనిపిస్తుంది. ముందు టైరు ఎలాగూ నెమ్మదిగా అరుగుతుంది, అక్కడ మెత్తటిదానికి పెట్టిన డబ్బు ఎక్కువ కాలం వస్తుంది.

పక్క గోడ సంగతి చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. వెనక టైరు పక్క గోడ వేళ్లతో మడిచి చూడండి, కాగితంలా మడత పడితే తక్కువ గాలిలో అది నిలబడదు, మీరు గాలి పెంచుకోవాల్సి వస్తుంది, గాలి పెంచితే ఎగురుతుంది, ఇంక మెత్తటి రబ్బరు కొని లాభం ఏముంది? తేలిక టైరు అని ప్రచారం చేసేవాటిలో బరువు తగ్గించేది ఎక్కువగా ఇక్కడే. వెనక చక్రంలో వంద గ్రాములు ఎక్కువైనా పక్క గోడ గట్టిగా ఉన్నదే తీసుకోండి, ముందు చక్రంలో తేలికది తీసుకోండి.

నాబ్స్ విషయంలో చూడాల్సింది ఒక్కటే, అంచులు చతురస్రంగా, దగ్గర దగ్గరగా, పొట్టిగా ఉన్నాయా. పొడుగ్గా, దూరం దూరంగా ఉండే బురద టైరు నాబ్స్ రాయి అంచు మీద వంగిపోతాయి. మట్టి, చెట్టు దుంగల మీద ఎక్కువ తొక్కితే కొంచెం ఖాళీ ఎక్కువున్నవి బాగుంటాయి, లేకపోతే రెండు నాబ్స్ మధ్య మట్టి నిండి టైరు నున్నగా అయిపోతుంది.

పేర్లు చెప్పండి, ఏవి కొనాలి?

మాడ్ సైజులో టైర్లు చేసేవాళ్లే తక్కువ. మాంటీ వాళ్ల ఈగిల్ క్లా, మాక్సిస్ క్రీపీ క్రాలర్, ట్రై-ఆల్ స్టికీ, ఇవి ఎక్కువగా వినిపించే పేర్లు. మాంటీ స్పెయిన్ కంపెనీ, దాని వెనకున్న పేరె పి అనే ఆయన కొడుకు ఓట్ పి ప్రపంచ చాంపియన్‌గా గెలిచింది ఈ చిన్న చక్రాల సైకిళ్ల మీదే, కాబట్టి ఈ సైజు మీద వాళ్ల ముద్ర చాలా ఉంది. ఏది గొప్ప అని వాదించుకోవడం ఒక కాలక్షేపం తప్ప, మీకు కచ్చితంగా దొరికేది, ఏడాది తర్వాత కూడా దొరికేది కొనుక్కోండి. 387 టైరు అరిగిపోయాక బదులు దొరక్క బైకు మూల పడేయడం కంటే కొంచెం తక్కువ రకం టైరుతో తొక్కడం మేలు కదా.

గాలి ఎంత పెట్టాలి?

అరవై డెబ్బై కిలోల మనిషికి వెనక 15 నుంచి 20 పీఎస్ఐ, ముందు 20 నుంచి 30 మధ్య మొదలుపెట్టండి. ఇది మొదలు మాత్రమే. సైకిల్ రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే అలవాటు ప్రకారం గట్టిగా కొట్టి ఇచ్చేస్తారు, వేలు నొక్కితే దిగనంత, దాంతో ఒక్క రాయి కూడా ఎక్కలేరు.

ఎందుకంత తక్కువ అంటే, మనిషి బైకు కలిపి 80 కిలోలు అనుకోండి, వెనక చక్రం ఒక్కదాని మీద నిలబడ్డారు. 15 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు కిలో. అంటే ఆ బరువు మోయడానికి సుమారు 76 చదరపు సెంటీమీటర్ల టైరు నేలకి ఆనాలి. 30 పెడితే అందులో సగమే ఆనుతుంది. పక్క గోడ గట్టిదనం కూడా కొంత మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే, కానీ పట్టు ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది.

తగ్గించడానికి హద్దు ఏంటంటే రిమ్ము. దూకి దిగినప్పుడు రిమ్ము నేలకి టంగ్ మని తగిలితే తక్కువైంది, ఒకటి రెండు పీఎస్ఐ పెంచండి. పక్కకి దిగినప్పుడు టైరు మెలికపడ్డట్టు ఉన్నా పెంచండి. దిగాక టైరు మిమ్మల్ని మళ్లీ పైకి తోస్తుంటే తగ్గించండి. ఎప్పుడో పెద్ద దూకుడికి ఒకసారి మెత్తగా తగిలితే ఫర్వాలేదు, ప్రతిసారీ తగలకూడదు.

మామూలు పంపుకుండే గేజ్ 160 దాకా ఉంటుంది, అందులో 15కీ 20కీ తేడా ముల్లు వెంట్రుకవాసి కదలడమే. 30 దాకా మాత్రమే ఉండే చిన్న గేజ్ కొనుక్కోండి, అదీ ఎప్పుడూ ఒకటే గేజ్ వాడండి, ఎందుకంటే రెండు గేజ్‌లు ఒకే మాట చెప్పవు. అది లేకపోతే బొటనవేలు ఉంది, రోజూ తొక్కేవాళ్లకి వేలితో నొక్కితే తెలిసిపోతుంది.

ఎండలో బైకు వదిలేస్తే గాలి వేడెక్కి ఒకటి రెండు పీఎస్ఐ పెరుగుతుంది, అంత తక్కువ గాలిలో ఆ తేడా కూడా తెలుస్తుంది, మొదలుపెట్టే ముందు ఒకసారి చూసుకోండి.

ట్యూబు ఏది వేయాలి? ట్యూబ్‌లెస్ చేసుకోవచ్చా?

387కి ప్రత్యేకంగా ట్యూబు వెతకక్కర్లేదు, 20 అంగుళాల లావు ట్యూబు, 2.0 నుంచి 2.4 లాంటిది, సాగుతుంది కాబట్టి చక్కగా సరిపోతుంది. సన్న ట్యూబు వేయొద్దు, ఎక్కువ సాగి పల్చబడి స్నేక్ బైట్ పంచర్లు, అంటే రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడేవి, ఎక్కువవుతాయి. వాల్వ్ రిమ్ము బెజ్జానికి సరిపోవాలి, లావు బెజ్జంలో సన్న వాల్వ్ పెడితే తక్కువ గాలిలో టైరు జరిగినప్పుడు వాల్వ్ మొదట్లో చిరుగుతుంది.

ట్యూబ్‌లెస్ అంటే నేను వద్దనే అంటాను. రిమ్ము నిండా బెజ్జాలు, బీడ్ పట్టి ఉంచే గాడి సరిగ్గా ఉండదు, పైగా 15 పీఎస్ఐలో పక్కకి దిగుతాం, ఒక్కసారి బీడ్ వదిలిందంటే గాలంతా పోతుంది.

స్పోకులు, బెజ్జాల లెక్క ఎలా?

హబ్ బెజ్జాలు, రిమ్ము బెజ్జాలు ఒకటే ఉండాలి, ఇది చెప్పక్కర్లేదనుకుంటాం కానీ చాలామంది 32 హబ్ పెట్టుకుని 36 రిమ్ము తెప్పిస్తారు. వెనక 32, ముందు 28 లేదా 32 ఎక్కువగా కనిపిస్తాయి. 406 రిమ్ముకి అల్లిన స్పోకులు 387కి పనికిరావు, దాదాపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు పొట్టివి కావాలి. చిన్న రిమ్ము, పెద్ద ఫ్లేంజ్ (స్పోకులు తగిలించే పక్క రేకు) ఉన్న హబ్ అయితే మూడు క్రాస్, అంటే ఒక్కో స్పోకు మిగతావాటిని మూడుసార్లు దాటేలా, వేస్తే స్పోకు నిపుల్ (రిమ్ము దగ్గర స్పోకుని బిగించే చిన్న నట్టు) దగ్గర బాగా వంగి అక్కడే తెగుతుంది, రెండు క్రాస్ చాలు. కొత్త చక్రం మొదటి కొన్ని రోజులు తొక్కాక స్పోకులు కొంచెం వదులవుతాయి, అప్పుడు తప్పకుండా బెండు తీయించి బిగించాలి.

24 అంగుళాల స్ట్రీట్ ట్రయల్స్ బైకుకి కూడా ఇదేనా?

కాదు, చాలా మారుతుంది. 2009లో స్కాట్లాండ్ ట్రయల్స్ రైడర్ డానీ మెక్‌ఆస్కిల్ వీడియో వచ్చాక చాలామందికి ఈ రకం తెలిసింది, ఆయన తొక్కే ఇన్‌స్పైర్డ్ బైకులు 24వి. ఇక్కడ ముందూ వెనకా ఒకటే సైజు, 507. ఇందులోనూ 520, 540 అనే వేరే 24లు ఉన్నాయి, అవి పాత రోడ్డు సైకిళ్లవి, వీల్‌చైర్లవి, కాబట్టి గీత తర్వాతి అంకె ఇక్కడ కూడా చూడాల్సిందే. స్ట్రీట్‌లో దొర్లడం, తిరగడం, స్పీడుగా దూకడం ఎక్కువ కాబట్టి గాలి 30 నుంచి 45 దాకా పెడతారు, టైరు కూడా నాబ్స్ తక్కువగా, దగ్గరగా ఉన్నది, మాక్సిస్ హోలీ రోలర్ 24x2.4 లాంటిది బాగుంటుంది. రిమ్ము 47 అక్కర్లేదు, 32 నుంచి 38 చాలు, కానీ బలంగా ఉండాలి.

పిల్లల 16, 18 బైకులకి?

16 అంటే 305 ఒకటి, 349 ఒకటి ఉన్నాయి, పిల్లల సైకిళ్లవి దాదాపు అన్నీ 305. 18 అయితే 355. పిల్లల బరువుకి పెద్దవాళ్ల గాలి లెక్క వర్తించదు, ఇరవై పాతిక కిలోల పిల్లాడికి 10 పీఎస్ఐ దగ్గర కూడా రిమ్ము తగలదు. చాలామంది తల్లిదండ్రులు టైరు మార్చాలని అడుగుతారు, గాలి తగ్గిస్తే చాలు.

టైరు ఎప్పుడు మార్చాలి?

నాబ్స్ ఎత్తు కాదు, అంచు చూడండి. ముందువైపు అంచులు గుండ్రంగా అయ్యాక టైరు తిప్పి వేయండి, వెనక్కి ఉన్న పదును అంచు ముందుకి వస్తుంది, సగం కొత్త టైరు వచ్చినట్టే. రెండు వైపులా పోయాక మార్చండి. దారాలు కనిపించినా, పక్క గోడ మీద అడ్డంగా చీలిక వచ్చినా అరుగుదలతో పని లేదు, వెంటనే తీసేయండి. వాడకుండా ఏళ్ల తరబడి దాచిన మెత్తటి రబ్బరు కూడా గట్టిపడిపోతుంది, గోరు గుచ్చి చూడండి.

రిమ్ము అంచు సొట్ట పడింది, లాగొచ్చా?

చిన్న సొట్ట అయితే స్పానర్‌తో మెల్లగా వెనక్కి వంచొచ్చు, డిస్క్ బ్రేకు అయితే దాన్ని అలాగే వదిలేసినా నష్టం లేదు. రిమ్ బ్రేకు అయితే అక్కడ బ్రేకు పట్టి వదులుతుంది కాబట్టి సరి చేయాల్సిందే. వంచాక అక్కడ సన్న పగులు ఉందేమో దగ్గరగా చూడండి, అల్యూమినియం రెండోసారి వంగడానికి ఇష్టపడదు. స్పోకు బెజ్జం చుట్టూ గాని, బరువు తగ్గించే బెజ్జం మూల నుంచి గాని పగులు మొదలైతే ఆ రిమ్ము అయిపోయింది.

డబ్బులు తక్కువున్నాయి, ముందు ఏది మార్చాలి?

గేజ్. తర్వాత వెనక టైరు. తర్వాత ప్యాడ్లు, గ్రైండింగ్. రిమ్ము వీటన్నిటి తర్వాతే, అదీ పాతది పగిలితేనో, అరిగితేనో, టైరు మరీ మెలికపడుతుంటేనో. సెకండ్ హ్యాండ్ చక్రం దొరికితే తీసుకోవచ్చు, కానీ టైరు విప్పి లోపల చూడనివ్వకపోతే మాత్రం తీసుకోకండి.